ముద్దాయి అంటే దోషి కాదు

(కరీంనగర్‌లో జరిగిన రైతు కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దటి నుంచి మనం పత్తి ధర గురించి, వడ్ల కొనుగోలు కేంద్రాల గురించి మాట్లాడుకున్నాం. నాకు ఇచ్చిన అంశం వేరు. మన మీద కేసు పెడితే ఏమిటి సంగతి? అరెస్టయిన మనిషిని చట్టం ఎట్లా చూడాలి, నిజానికి ఎట్లా చూస్తున్నది, మన తాతల కాలంలో ఎట్లా చూసింది? ఇది వకీళ్లకు వదిలేసే విషయం కాదు. ఈ హాలులో కూర్చున్నవాళ్లలో ధర్నా కేసో, రాస్తారోకో కేసో, పోడు కేసో లేనివాళ్లు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు.

ముందు ఒక మాట గురించి చెప్తాను. కేసు ఎదుర్కొంటున్నవాడిని మనం 'ముద్దాయి' అంటాం. ఉర్దూ నుంచి వచ్చిన మాట ఇది. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు, దావా వేసినవాడు. ఎదుటి పక్షాన్ని ముద్దాలే అనేవారు. మన నోట్లో పడి ఆ మాట తిరగబడింది. ఫిర్యాది పేరే నిందితుడి పేరయింది. ఎందుకు తిరగబడిందో భాషా పండితులు చెప్పాలి. నాకు మాత్రం మన రైతు బతుకు గుర్తుకొస్తుంది. ధర రాలేదని ఫిర్యాదు చేయడానికి మార్కెట్ యార్డుకు పోయినవాడు, సాయంత్రానికి ఠాణాలో ముద్దాయి అయి కూర్చుంటాడు.

అదే ఉర్దూలో ఇంకో రెండు మాటలున్నాయి. ముల్జిం అంటే నేరం మోపబడినవాడు. ముజ్రిం అంటే నేరం రుజువైనవాడు. చెవికి రెండూ ఒకటే లాగ వినిపిస్తాయి. కానీ ఆ రెంటి మధ్య విచారణ ఉంటుంది, సాక్ష్యం ఉంటుంది, వకీలు వాదన ఉంటుంది, తీర్పు ఉంటుంది. ముల్జింను ముజ్రింలాగ చూసిన ప్రతిసారీ మధ్యలో ఉండవలసిన ఇవన్నీ ఎగిరిపోతాయి. నా ప్రసంగమంతా ఆ ఎగిరిపోయిన వాటి గురించే.

నిజాం రాజ్యంలో కాగితం మీద న్యాయం తక్కువేమీ లేదు. న్యాయశాఖను పాలనాశాఖ నుంచి వేరుచేసే ఫర్మానా 1920ల మొదట్లోనే వచ్చింది. ఆ విషయంలో బ్రిటిష్ ఇండియా కంటే హైదరాబాద్ ముందుంది. కానీ ఆ ఫర్మానా మన ఊరి గడీ గడప దాటి లోపలికి రాలేదు. ఊళ్లో పోలీసు పటేలు దొర మనిషే. మాలీ పటేలు, పట్వారీ కూడా దొర మనుషులే. ఫిర్యాదు చేసేది దొర, పట్టుకొచ్చేది దొర మనిషి, తీర్పు చెప్పేదీ దొరే. పశువులను కట్టేసే బందెలదొడ్డిలో మనుషులను కూడా పెట్టేవారని, బొండకొయ్యలో కాళ్లు బిగించేవారని మన పెద్దలు చెప్పగా విన్నాం. అక్కడ ముల్జిం, ముజ్రిం అనే తేడా లేదు. దొర కంట్లో పడినవాడు నేరస్తుడే. ఈ పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయింది 1980లలో మాత్రమే. ఇక్కడ కూర్చున్న సగం మంది అప్పటికి పుట్టి ఉన్నారు. అంత దగ్గరి చరిత్ర ఇది.

తెలంగాణ సాయుధ పోరాట కాలానికి వద్దాం. 1948 సెప్టెంబర్‌లో నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత పోరాటంలో పట్టుబడిన రైతులను విచారించడానికి ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టారు. 1949లో నల్లగొండ జిల్లా కేసుల్లో 12 మందికి ఉరిశిక్ష పడింది. వాళ్ల కేసు 'జనార్దన్ రెడ్డి, ఇతరులు' పేరుతో సుప్రీంకోర్టుకు పోయింది. లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చి వాళ్ల కోసం వాదించాడు.

ఆ కేసులో రెండు సంగతులు మనం గుర్తు పెట్టుకోవాలి. మొదటిది, హైదరాబాద్ హైకోర్టు ఆ శిక్షలను ఖాయం చేసినప్పటికి రాజ్యాంగం ఇంకా అమల్లోకి రాలేదు. 1950 జనవరి 26కు ముందు ముగిసిన కేసు కాబట్టి అప్పీలు వినే అధికారం మాకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. రెండోది, మాకు వకీలును పెట్టుకునే అవకాశం సరిగా ఇవ్వలేదని వాళ్లు మొరపెట్టుకున్నారు. వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని 1951లో కోర్టు తేల్చింది. ఉరిశిక్ష పడే కేసులో ముద్దాయి పక్కన వకీలు లేకపోయినా విచారణ విచారణే అన్నమాట! మరి ఆ 12 మంది ఎట్లా బతికారు? దేశంలోనూ బయటి దేశాల్లోనూ జనం గొంతెత్తారు. చివరికి ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి.

ఇప్పుడు మన ఆదిలాబాద్ బిడ్డల సంగతి. భూమయ్య, కిష్టాగౌడ్. భూస్వామ్య వ్యతిరేక పోరాటంలోకి వచ్చిన రైతులు. హత్య కేసులో 1972లో సెషన్స్ కోర్టు వాళ్లకు ఉరిశిక్ష వేసింది. చనిపోయిన మనిషికీ కుటుంబం ఉంటుంది, వాళ్ల దుఃఖం చిన్నది కాదు. హత్య మంచిదని నేను చెప్పడం లేదు. ఆ ఇద్దరి విషయంలో చట్టం ఎట్లా నడిచిందో మాత్రం చెప్తాను.

వాళ్లకు శిక్ష వేసిన నాటికి అమల్లో ఉన్నది 1898 నాటి నేర విచారణ స్మృతి. 1974 ఏప్రిల్ 1న కొత్త స్మృతి వచ్చింది. అందులో రెండు కొత్త రక్షణలు చేర్చారు. ఉరిశిక్ష వేయాలంటే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి. శిక్ష వేసే ముందు, ఎంత శిక్ష వేయాలన్న దాని మీద ముద్దాయి మాట విడిగా వినాలి. అతని బతుకేమిటి, వయసేమిటి, ఏ పరిస్థితిలో ఆ పని జరిగింది అని అడగాలి. ఈ రెండూ రెండేళ్లు ఆలస్యంగా వచ్చాయి. ఆ నల్లగొండ రైతులకు రాజ్యాంగం ఆలస్యంగా వచ్చినట్టే, ఈ ఆదిలాబాద్ రైతులకు కొత్త స్మృతి ఆలస్యంగా వచ్చింది.

అదే 1974లో, మన రాష్ట్రం నుంచే పోయిన ఈడిగ అనమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక పేద యువతి ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చారు. కొత్త స్మృతి ఏ దారి చూపిస్తున్నదో ఆ తీర్పులో చెప్పారు. 1975లో భూమయ్య, కిష్టాగౌడ్‌ల చివరి అర్జీ కూడా ఆయన ముందుకే వచ్చింది. క్షమాభిక్ష ఇవ్వడం, ఇవ్వకపోవడం కోర్టు చేతిలోని పని కాదని ఆ అర్జీని కొట్టేశారు. ఉరిశిక్షకు వ్యతిరేకంగా ఈ దేశంలో అందరికంటే ఎక్కువ రాసిన జడ్జి ఆయన. అట్లాంటి జడ్జి దగ్గర కూడా ఆ ఇద్దరికి దారి దొరకలేదు.

ఎమర్జెన్సీకి ముందు ఒకసారి ఉరి తేదీ నిర్ణయమైనా వకీళ్లు పరుగెత్తి ఆపించగలిగారు. అప్పటికి సభలు పెట్టుకునే వీలుంది, పత్రికల్లో రాసే వీలుంది. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది. రెండు రోజులకు రాష్ట్రపతి ఉత్తర్వుతో 14, 21, 22 అధికరణాల కింద కోర్టుకు పోయే హక్కు ఆగిపోయింది. పత్రికల మీద సెన్సారు పడింది. సభలు లేవు, ఊరేగింపులు లేవు. 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైలులో ఇద్దరినీ ఉరితీశారు.

ఈ రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ రైతులే. రెండింటిలోనూ చట్టం ఆలస్యంగానే వచ్చింది. ఒక చోట 12 మంది బతికారు, ఒక చోట ఇద్దరూ పోయారు. నాకు కనిపించే పెద్ద తేడా ఒకటే. మొదటిసారి బయట జనం నోరు తెరిచి ఉంది. రెండోసారి ఆ నోటికి తాళం వేశారు.

తర్వాత మూడేళ్లకు జగిత్యాల. 1978 సెప్టెంబర్ 7న వేలమంది రైతు కూలీలు ఊరేగింపు తీశారు. అక్టోబర్‌లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దానికి వాడిన చట్టం 1948 నాటిది. ఎస్సై స్థాయి అధికారి హెచ్చరించి కాల్పులు జరపవచ్చని అందులో ఉంది. అంటే అరెస్టు, అభియోగం, విచారణ అనే మూడు మెట్లూ ఎక్కకుండానే నాలుగో మెట్టు మీదికి పోవచ్చు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఏం జరిగిందో ఆదిలాబాద్ నుంచి వచ్చిన మీకు నేను చెప్పనక్కర్లేదు. భూమి కోసం సభకు వచ్చిన గోండులలో ఎవరు ముద్దాయో ఎవరూ అడగలేదు.

ఇదంతా పాత కథ, ఇప్పుడు అట్లా లేదు కదా అంటారేమో. మారినవి ఉన్నాయి, కాదనను. 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు బేడీల గురించి గట్టిగా చెప్పింది. పారిపోతాడనడానికి సరైన ఆధారం ఉంటేనే, కారణం రాసి, చివరి మార్గంగా మాత్రమే బేడీలు వేయాలి. పెద్దవాళ్లకు బేడీలు లేకుండా, పేదవాళ్లకు బేడీలతో తీసుకుపోయే పాత పోలీసు నియమాలను తప్పుబట్టింది. 1995లో ఇంకో తీర్పులో మేజిస్ట్రేటు అనుమతి లేకుండా ఖైదీకి బేడీలు వేయవద్దన్నది.

మరి 2017లో ఖమ్మంలో ఏం జరిగింది? మిర్చి ధర ముందటేటిలో సగం కూడా పలకలేదు. ఏప్రిల్ 28న రైతుల కోపం కట్టలు తెంచుకుంది, మార్కెట్ యార్డులో సామాను పగిలింది. 10 మంది రైతులను అరెస్టు చేసి, మే నెలలో బేడీలు వేసి కోర్టుకు తీసుకొచ్చారు. ఫోటో బయటికి వచ్చి జనం ఛీ అన్న తర్వాత ఇద్దరు ఎస్సైలను సస్పెండ్ చేశారు. 2023లో రీజినల్ రింగ్ రోడ్డుకు భూములు ఇవ్వమన్న రాయగిరి రైతులకూ భువనగిరిలో బేడీలు పడ్డాయి. 2024 డిసెంబర్‌లో, ప్రభుత్వం మారిన తర్వాత, లగచర్ల కేసులో సంగారెడ్డి జైలులో ఉన్న రైతుకు గుండె నొప్పి వస్తే బేడీలతోనే ఆసుపత్రికి తీసుకుపోయారు. మళ్లీ ఫోటో, మళ్లీ విచారణకు ఆదేశం. పార్టీ ఏదైనా బేడీ అదే. ఫోటో తీసినవాడు లేకపోతే విచారణ కూడా ఉండేది కాదు.

2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. అందులో 43వ సెక్షన్ బేడీలు ఎవరికి వేయవచ్చో రాసింది. కస్టడీ నుంచి పారిపోయినవాళ్లు, మళ్లీ మళ్లీ నేరం చేసినవాళ్లు, ఉగ్రవాదం, హత్య, అత్యాచారం, మాదకద్రవ్యాలు, ఆయుధాల వంటి కేసులు. ధర్నా, రాస్తారోకో ఆ జాబితాలో లేవు. ఈ మాట మీరు ఠాణాలో ధైర్యంగా చెప్పవచ్చు.

బేడీ అందరికీ కనిపిస్తుంది. కనిపించని బేడీ ఇంకొకటి ఉంది. నాకు తెలిసిన ఒక కౌలు రైతు సంగతి చెప్తాను, పేరు, ఊరు వద్దు. పత్తి ఏరే కాలంలో రోడ్డు మీద బైఠాయించిన కేసులో లోపల పడ్డాడు. నాలుగో రోజుకు బెయిలు మంజూరైంది. కానీ ఇద్దరు జమానతుదారులు కావాలి, పట్టా పాస్‌బుక్కులు చూపించాలి. కౌలుదారుకు పాస్‌బుక్కు ఎక్కడిది? పట్టాదారు రానన్నాడు. బెయిలు వచ్చిన తర్వాత కూడా మనిషి ఇంకో తొమ్మిది రోజులు లోపలే ఉన్నాడు. ఆ తొమ్మిది రోజుల్లో వాన పడి చేన్లో పత్తి తడిసింది. తర్వాత కేసు కొట్టేశారు. నేరం రుజువు కాలేదు, కానీ శిక్ష ముందే పడిపోయింది. ఆ రోజు నేను ఆ కోర్టు దగ్గరే ఉన్నాను, ఇంకో పని మీద. అడిగి తెలుసుకోలేదు. ఆ తప్పు నాది, మన సంఘానిది.

జమానతు పేదవాడికి గుదిబండ కావద్దని 1978లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఒక తాపీ మేస్త్రీ కేసు. బెయిలు వచ్చి 7 రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని, నెల దాటినా జమానతు కుదరకపోతే షరతులు సడలించే విషయం కోర్టు ఆలోచించాలని 2023 జనవరిలో చెప్పింది. మొదటిసారి కేసులో పడినవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే విడుదల చేయాలని కొత్త సంహిత 479వ సెక్షన్‌లో ఉంది. అయితే ఒక మెలిక పెట్టారు. ఒకటికి మించి కేసులు నడుస్తుంటే ఆ సెక్షన్ వర్తించదు. ఒక్కో ధర్నాకు ఒక్కో కేసు ఎందుకు పెడతారో ఇప్పుడు అర్థమైందా?

ఇప్పుడు మీలో కొందరికి నచ్చని మాట చెప్తాను. కోప్పడినా సరే, వినండి. ఆదిలాబాద్ జిల్లాలో నకిలీ పత్తి విత్తనాలు దొరికినప్పుడల్లా మనం ఏమని నినాదం ఇస్తున్నాం? వాళ్ల మీద పీడీ యాక్టు పెట్టాలని. నేను కూడా ఆ నినాదం ఇచ్చాను. ఆ చట్టం 1986 నాటిది. సారా వ్యాపారులు, గూండాలు, భూకబ్జాదారుల కోసమని తెచ్చారు. తెలంగాణ వచ్చాక నకిలీ విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మేవారిని కూడా అందులో చేర్చారు. ఆ చట్టం కింద విచారణ లేకుండా 12 నెలల దాకా లోపల పెట్టవచ్చు. సలహా మండలి ముందు వకీలును పెట్టుకునే హక్కు లేదు. అంటే ముల్జిం, ముజ్రిం తేడాను చట్టమే చెరిపేసింది. తెలంగాణలో దీన్ని విచ్చలవిడిగా వాడుతున్నారని 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టే తప్పుబట్టింది.

నకిలీ విత్తనం అమ్మినవాడికి శిక్ష పడాలి, అందులో రాజీ లేదు. మరి ఎందుకు పడడం లేదు? 1966 విత్తన చట్టంలో మొదటి తప్పుకు 500 రూపాయల దాకా జరిమానా. రెండోసారి దొరికితే ఆరు నెలల జైలు, లేదా 1000 రూపాయల జరిమానా. ఒక్క పత్తి ప్యాకెట్ ధర కంటే మొదటి జరిమానా తక్కువ! మనం అడగవలసింది ఈ చట్టం మార్చమని, కంపెనీ నుంచి రైతుకు నష్టపరిహారం ఇప్పించమని, కోర్టులో నేరం రుజువు చేసి శిక్ష వేయమని. విచారణ లేకుండా లోపల వేయండి అని ఈ రోజు డీలరు మీద మనం అరిస్తే, రేపు అదే చట్టం భూమి ఇవ్వనన్న రైతు మీదికి వస్తుంది. మన శత్రువుకు ఇవ్వని న్యాయం మనకు ఇమ్మని ఏ ముఖంతో అడుగుతాం?

ఇక చేయవలసిన పని. రాసుకోండి.

మొదటిది, నోటీసు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాలి. లేకపోతే 35వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి పిలవాలి. మన ధర్నా కేసులు చాలావరకు ఈ కోవలోనివే. నోటీసు వస్తే తప్పించుకోవద్దు, చెప్పిన తేదీకి పోవాలి. పోకపోతే అరెస్టుకు దారి మనమే ఇచ్చినట్టు. 60 ఏళ్లు దాటిన పెద్దలను, నడవలేని రోగులను, మూడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు.

రెండోది, అరెస్టు కాగితం. పట్టుకున్న తేదీ, వేళ రాసి, ఇంటివాళ్లతో గానీ ఊరి పెద్దమనిషితో గానీ సాక్షి సంతకం చేయించాలి. కారణం చెప్పాలి. ఇంటికి కబురు చేయాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ప్రయాణ సమయం ఇందులోకి రాదు. వేళ తప్పు రాశారేమో చూడండి, గంటల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

మూడోది, మేజిస్ట్రేటు ముందు నోరు తెరవాలి. కొట్టారా అని అడిగితే భయపడి లేదనవద్దు. దెబ్బలుంటే చూపించాలి. వైద్య పరీక్ష కాగితం అడగాలి. రిమాండు సమయంలోనే వకీలు ఉండాలి. జైలులో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

నాలుగోది, జమానతు జాబితా. ప్రతి మండల కమిటీ పాస్‌బుక్కు ఉన్న పది మంది సభ్యుల పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. కౌలు రైతు, కూలి, పోడు రైతు ఎవరు లోపల పడినా మర్నాడు ఇద్దరు కోర్టుకు పోవాలి. దీనికి ప్రభుత్వం జీవో ఇవ్వనక్కర్లేదు. ఈ తరగతి నుంచి పోయిన వారం లోపల ఆ జాబితా కమిటీకి అందాలి.

అయిదోది, లోపల ఉన్న మనిషి చేను. పత్తి ఏరాలి, మోటరు వేయాలి, బర్రెను చూడాలి. అది కూడా సంఘం పనే.

ముషీరాబాద్ జైలు ఇప్పుడు లేదు. దాన్ని కూల్చి ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి కట్టారు. మన ఊళ్ల నుంచి రోగులను తీసుకుని మనం అక్కడికి పోతూనే ఉంటాం. ఈసారి పోయినప్పుడు వరండాలో ఒక నిమిషం నిలబడి, ఆ ఇద్దరు ఆదిలాబాద్ రైతులను తలుచుకోండి. తిరిగి వచ్చాక మీ మండలంలో ఎవరు లోపల ఉన్నారో, వాళ్లకు జమానతు పడిందో లేదో అడగండి.